మేడ మీద కాపలా

"చిన్నోడా, గొళ్లెం తియ్యరా. నా తండ్రివి కదూ!"

అత్తగారు మేడ తలుపుకు నుదురు ఆనించి బతిమాలుతోంది. చేతిలోని గ్లాసులో పాలు ఎప్పుడో చల్లారిపోయాయి. ఆమెకు రెండు మెట్ల కింద కోడలు నిలబడి ఉంది. బాగా కింద, వరండాలో, మామగారు. ఎవరి చోట వాళ్లు బిగుసుకుపోయారు.

తలుపు అవతల మాత్రం అడుగులు ఆగడం లేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ ఆ చివరి నుంచి ఈ చివరికి. మధ్యమధ్య కర్రతో నేల తట్టిన చప్పుడు.

"తియ్యనమ్మా. డ్యూటీలో ఉన్నాను. కబుర్లు చెప్పకూడదు."

"నీకేం డ్యూటీరా? ఎవరిచ్చార్రా?"

"జీపు రాకుండా చూడాలి. అన్నయ్య చెప్పాడుగా, జీపు పోతుందని. ఊరికే పోతుందా అది? పోతూ పోతూ మన వీధిలోకి వస్తుంది."

కోడలికి అర్థమైంది. పొద్దున్న తనూ మొగుడూ పడిన రభసలో మరిది చెవిన పడింది సరిగ్గా ఆ ఒక్క ముక్కే.

వారం నుంచి పెదవి విప్పని మనిషి పొద్దున్న విప్పాడు. పట్టణ సభలో ఆమె మైకు ముందు నిలబడి మాట్లాడిన రోజు నుంచీ ఆయనకు ఆమెతో మాటల్లేవు. ఆయన స్టేషన్ ఇన్‌స్పెక్టరు. మనసు చెదిరినవాళ్ల దగ్గరికి పోలీసులకు బదులు వెళ్లే తెల్లబండిలో ఆమె నర్సు.

"సాయంత్రం సభలో నీ మాటకు ఓట్లు పడితే నాకు మిగిలేది ఒక్క జీపు," అన్నాడు కంచం ముందు కూర్చుని. "రెండో జీపు పోతుంది. ఆ డబ్బుతో నీకు ఇంకో ఓదార్పు బండి. పగటిపూట పేషెంట్లు కూర్చోవడానికో కేంద్రం. భేష్! ఇంట్లోనే గోతులు తవ్వేవాళ్లుంటే నాకు బయట శత్రువులెందుకు?"

"మీ మీద కోపంతో చేస్తున్నానా నేను? మీవాళ్లకి కంటినిండా నిద్ర లేదని మీరే కదండీ..."

"నా మనుషుల నిద్ర సంగతి నేను చూసుకుంటాను. మైకు ముందు వాగింది చాలు."

అని కంచం తోసేసి, బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన అటు వెళ్లాడు, చిన్నోడు ఇటు హాల్లో గోడకు వేలాడే తండ్రి లాఠీ తీసుకుని మేడెక్కి అటువైపు నుంచి గొళ్లెం పెట్టుకున్నాడు.

ముప్ఫై దాటిన మనిషిని ఇంకా చిన్నోడనే పిలవడం ఆ ఇంటి అలవాటు. రేడియోలు, టీవీలు విప్పి బాగుచేసే చెయ్యి వాడిది. ఆరేళ్ల కిందట మనసు చెదిరింది. అప్పటి నుంచీ వాడి లోకం వెనకగది, ఆ పైన మేడ. చుట్టాలొస్తే గదికి బయట గొళ్లెం. ఎవరైనా అడిగితే ఓడల కంపెనీలో ఉద్యోగమనీ, ఏళ్ల తరబడి ఊళ్లోకి రాడనీ చెప్పేవారు. వీధిలో అందరికీ నిజం తెలుసు. తెలియనట్టు ఉండటం వీధి మర్యాద. అన్న స్టేషన్‌లో మాత్రం ఒక్కడికీ తెలియదు.

పోయినేడు ఈ వీధి మొగలోనే గడియారాల మేస్త్రి కొడుకు మతి తప్పి అరుస్తుంటే, ఎవరో ఫోన్ చేస్తే, జీపు వచ్చింది. దిగినవాళ్లు అతన్ని బోర్లా పడేసి మోకాళ్లతో అదిమారు. అతను మళ్లీ లేవలేదు. చిన్నోడు అదంతా మేడ మీంచి చూశాడు. అప్పట్నుంచి బూట్ల చప్పుడు వింటే చాలు, మంచం కింద దూరతాడు. అన్న డ్యూటీ నుంచి వచ్చినా అంతే.

ఇప్పుడు మేడ మీద మంచం లేదు. ఉన్నది మోకాలెత్తు పిట్టగోడ.

"వదినా, నువ్వున్నావా?"

"ఉన్నాను చిన్నోడా. ఎక్కడికి పోతాను?"

"గోడెక్కితే వీధి మొగ దాకా కనపడుతోంది. గోడ మీద నడుస్తూ కాపలా కాస్తే మంచిది కదూ?"

"వద్దు నాన్నా!" అంటూ పెనుకేక పెట్టబోయిన అత్తగారి నోరు కోడలు అరచేత్తో మూసింది.

"గోడెందుకు? తలుపు దగ్గరే ముఖ్యం," అంది మామూలుగా. ఆ మామూలుతనం తెచ్చుకోవడానికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. "లోపలికి రావాలంటే ఎవరైనా ఈ తలుపు దాటాలిగా. ఇక్కడే కూచో. నేను ఇటువైపు, నువ్వు అటువైపు."

కర్ర తట్టడం ఆగింది. తర్వాత తలుపుకు వీపు ఆనిన చప్పుడు. వాడు కూచున్నాడు. ఆమె ప్రాణం కొంచెం కుదుటపడింది.

ఇక ఆ తలుపు వదిలి ఆమె కదలడానికి లేదు. కిందికి తొంగి చూసి, గొంతు తగ్గించి, "మామయ్యా, తెల్లబండికి ఫోన్ చెయ్యండి. మాటల మేష్టారు డ్యూటీలో ఉంటారు, ఆయనొస్తే చాలు. తొందరగా!" అంది.

మాటల మేష్టారంటే బండిలో ఆమెతోపాటు తిరిగే మనిషి. ఇంజెక్షనూ చెయ్యడు, చెయ్యీ పట్టుకోడు. కూచుని మాట్లాడతాడు. అలా మాట్లాడే ఇప్పటికి ఎందరినో గోడల మీంచీ గట్ల మీంచీ దింపాడు.

మామగారు కదల్లేదు. రిటైరయిన హెడ్ కానిస్టేబుల్ ఆయన. ఊరంతా ఇప్పటికీ హెడ్డుగారనే అంటుంది. తెల్లబండి పేరెత్తితే ఆయనకు ఒళ్లుమంట. దొంగ వస్తే నర్సు సూది పొడుస్తుందా అని కోడలిని ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో! దొంగల జోలికి మేం రాం మామయ్యా, దొంగలు కానివాళ్ల జోలికి మీరు రాకండి, అని ఆమె కూడా అన్నిసార్లూ జవాబు చెప్పింది.

"మామయ్యా, మీకు దణ్ణం పెడతాను!"

ఆయన లోపలికి నడిచాడు. ఫోన్ తీసి నంబరు నొక్కాడు. అంతవరకూ బాగానే ఉంది.

తర్వాత ఆయన గొంతు వినిపించింది. ఇంట్లో మాట్లాడే గొంతు కాదు. వెన్ను నిటారుగా చేసుకుని, మడమలు కలిపి నిలబడ్డ మనిషి గొంతు.

"ఒక మగ వ్యక్తి. వయసు సుమారు ముప్ఫై రెండు. చామనచాయ. చేతిలో మారణాయుధం ధరించి, ఇంటి మేడ ఆక్రమించి, తలుపు బయట గడియ పెట్టుకున్నాడు. లొంగడానికి నిరాకరిస్తున్నాడు. చిరునామా రాసుకోండి."

కోడలు రెండు మెట్లు దిగి ఆగింది.

జీపునైనా తెల్లబండినైనా పంపేది కంట్రోల్ రూమే. అక్కడికి ఫోన్‌లో ఎలా మాట్లాడాలో ఆయనకు తెలిసింది ఆ ఒక్క పద్ధతే. సర్వీసంతా అలాగే మాట్లాడాడు. సొంత కొడుకు గురించి చెప్పాల్సొచ్చినా నోరు ఆ గాడిలోనే పడింది.

కానీ ఆయుధం అన్న మాట పడిందా, బండి రాదు. ముందు జీపు వెళ్లాలి. జీపులోని అధికారి కళ్లతో చూసి, ఆయుధం లేదని వైర్‌లెస్ సెట్టులో చెప్పేదాకా తెల్లబండి వీధి మొగలోనే ఆగాలి. ఆ నిబంధన లేకపోతే అసలు బండే వద్దన్నారు సభలో పెద్దలు. సరే, బండంటూ రానివ్వండి అని ఒప్పుకున్నవాళ్లలో ఆమె కూడా ఒకతె.

"అత్తయ్యా, మీరిక్కడ కూచోండి. ఏడవకండి. వాడేమడిగినా ఊఁ అనండి, చాలు."

గబగబా దిగి వచ్చింది. మామగారు ఫోన్ పెట్టేసి, పని చక్కబెట్టిన మనిషిలా కండువా సర్దుకుంటున్నాడు.

"కొంప ముంచారు మామయ్యా! మారణాయుధం అన్నారేమిటి?"

"లాఠీ ఆయుధం కాదా? సర్వీసంతా నేను మోసింది మరేమిటి, ఊతకర్రా?"

"వాడు దాంతో ఈగనైనా తోలాడా? పోనీ, మీ కొడుకని ఎందుకు చెప్పలేదు?"

హెడ్డుగారు కిటికీ వైపు తిరిగాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఒక మగ వ్యక్తి ఏమిటి? వాడికి పేరు లేదా? తండ్రి లేడా?"

"ఇంటిగుట్టు లంకకు చేటు, అమ్మాయ్," అన్నాడాయన, కిటికీతో మాట్లాడుతున్నట్టు. "ఆ ఫోన్ తీసే పిల్ల ఎవరో, ఎవరి తాలూకో. రేపు స్టేషన్‌లో నీ మొగుడు తలెత్తుకోవాలా వద్దా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మండినా చేసేదేముంది? మళ్లీ తనే ఫోన్ చేసింది. కంట్రోల్ రూం పిల్ల గొంతు గుర్తుపట్టింది. "అయ్యో, మీ ఇల్లేనా మేడమ్?" అంది. అయినా, ఒకసారి ఆయుధమని రాసుకున్నాక దాన్ని కొట్టెయ్యడం తన చేతుల్లో లేదంది. జీపు బయల్దేరిందంది.

అప్పుడు భర్తకు చేసింది. వారం నుంచి ఆమె ఫోన్ ఎత్తనివాడు మొదటి రింగుకే ఎత్తాడు. వెనక ఇంజను హోరు వినపడుతోంది.

"ఏమండీ..."

"దారిలో ఉన్నాను. ఇంట్లోకి దొంగ దూరాడని మావాళ్లు అనుకుంటున్నారు." గొంతు తగ్గించాడు. "వాడేనా?"

"వాడే. మీ నాన్నగారి లాఠీ పట్టుకుని కాపలా కాస్తున్నాడు. మీరు వీధి చివరే ఆగండి. బండిని పంపండి. మీరు పైకొస్తే, ఆ బూట్లు వింటే..."

"నాకు చెప్పకు వాడి సంగతి. వాణ్ని ఎత్తుకు పెంచింది నేను."

"ఎత్తుకు పెంచినవాడి చప్పుడుకే వాడు మంచం కింద దూరుతున్నాడండీ!"

 ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్న మాట ఎక్కడికి పోతుంది?

"సభలో మైకు ముందు ఊళ్లోవాళ్ల బాధలన్నీ చెప్పావు," అన్నాడాయన. ఆ గొంతులో అరుపు లేదు. "గడియారాల మేస్త్రి కొడుకు గురించి చెప్పావు. జనం కళ్లు తుడుచుకున్నారు. మరి మన ఇంట్లోవాడి గురించి చెప్పావా? ఒక్క ముక్క?"

ఆమె మెట్ల వైపు, అత్తగారి వైపు చూసింది.

"చెప్పలేదు. నువ్వూ దాచావు. కనుక నాకు నీతులు చెప్పకు," అని పెట్టేశాడు.

ఆమె ఫోన్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన చెప్పింది నిజం. మైకు ముందు నిలబడ్డప్పుడు మా మరిది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అత్తగారు బాధపడుతుందని మింగేసింది. కాదు, అత్తగారి పేరు చెప్పుకోవడమే గానీ, ఆమెకూ భయమేసింది.

పైనుంచి అత్తగారి పిలుపు. "అమ్మాయ్! వీడు లేచాడే! లేచి నడుస్తున్నాడే!"

రెండేసి మెట్లు ఎక్కి పరుగెత్తింది.

"జీపు చప్పుడు వస్తోంది వదినా," అన్నాడు చిన్నోడు. వాడి చెవి అలాంటిది. ఇంజను చప్పుడు బట్టి బండేదో చెప్పేవాడు. "మనదే. మన అన్నయ్యదే. ఎంతమంది ఉన్నారో చూడనా?"

"చూడొద్దు. నా దగ్గర కూచో."

"గోడెక్కితే కనపడతారు."

"నేను చెబుతాను ఎంతమందో. నువ్వు కూచో, నేను చూసి చెబుతాను. వదిన నీకెప్పుడైనా అబద్ధం చెప్పిందా?"

వాడు ఆలోచించాడు. "లేదు. నాకు చెప్పలేదు. వేరేవాళ్లకి చెప్పావు, ఓడ గురించి."

మెట్ల కిటికీలోంచి చూస్తే జీపు గుమ్మం ముందు ఆగి ఉంది. సైరన్ మోగించలేదు, అంతవరకు నయం. భర్త దిగాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు, చేతుల్లో లాఠీలు. దూరంగా వీధి మొగలో తెల్లబండి ఆగింది. మాటల మేష్టారు కిందికి దిగి, చేతులు కట్టుకుని, పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. ఇంటికీ ఆయనకూ మధ్య పాతిక గుమ్మాల దూరం. నిబంధన ప్రకారం అదో సముద్రం.

"ముగ్గురు, చిన్నోడా. మీ అన్నయ్య, ఇంకో ఇద్దరు," అంది. నిజమే చెప్పింది.

అవతల కర్ర తట్టిన చప్పుడు జోరందుకుంది.

కింద కానిస్టేబుల్ ఒకడు ఉత్సాహంగా అంటున్నాడు. "సార్, మీరుండండి. మేం వెనక వీధిలోంచి నిచ్చెన వేస్తాం. ఇద్దరం ఒక్కసారి మీద పడితే ఎంతసేపు సార్, దొంగవెధవ!"

హెడ్డుగారు ఆ మాట విన్నాడు. దొంగవెధవ అన్న మాట దగ్గర ఆయన ముఖం పాలిపోయింది. ముందుకొచ్చి మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. సర్వీసంతా రిపోర్టులు గడగడా చెప్పిన నోటికి ఒక్క మాటా దొరకలేదు. చేతులు మాత్రం రెండు గోడలకూ చాచి పట్టుకున్నాడు.

"తప్పుకోండి నాన్నా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆయన తప్పుకోలేదు. తల అడ్డంగా ఊపాడు.

ఇన్‌స్పెక్టరు తండ్రి భుజం మీంచి పైకి చూశాడు. మెట్ల మలుపులో భార్య, ఆ పైన తల్లి. కోడలు ఈసారి అరవలేదు, వాదించలేదు. రెండు చేతులూ జోడించింది. కళ్ల నీళ్లు ధారలు కడుతున్నాయి. తుడుచుకునే ధ్యాస కూడా లేదామెకు.

ఆయన తలవంచి నిలబడ్డాడు. ఆయన మనసులో ఏముందో ఆమెకు తెలుసు. సాయంత్రం సభలో ఓటింగు. బండి పనికిరాదు, జీపే కావాలని నెల రోజులుగా పోరాడుతున్న మనిషి సొంత ఇంటికి బండిని పిలిస్తే ఇంకేం మిగులుతుంది? ఆయుధం లేదని తన నోటితో చెప్పాక, పైన ఏదైనా జరిగితే ఉద్యోగం మిగులుతుందా? పిలవకపోతే... ఆ పైన ఆలోచించే ధైర్యం ఆమెకు లేకపోయింది.

"సార్, నిచ్చెన?" అన్నాడు కానిస్టేబుల్.

"నోరు ముయ్యి."

ఇన్‌స్పెక్టరు భుజం మీది సెట్టు చేతిలోకి తీసుకున్నాడు. మీట నొక్కాడు. "కంట్రోల్, ఆయుధం లేదు. బండిని పంపించండి."

సెట్టు గరగరలాడింది. "సార్, ఆయుధం ఉందని ఫోన్ చేసినాయన చెప్పారు. లేదని రాయాలంటే కారణం రాయాలి. మనిషి ఎవరని రాయమంటారు సార్?"

ఆ సెట్టు ఊళ్లో ప్రతి జీపులోనూ, ప్రతి స్టేషన్‌లోనూ వినిపిస్తుంది. ఒక్క మాట దాస్తే దాగదు. ఇద్దరు కానిస్టేబుళ్లూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. అత్తగారు మెట్ల మీంచి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. పాపం, ఆమె చెయ్యి ఆరేళ్ల అలవాటు కొద్దీ అలా ఊగింది.

ఆయన మళ్లీ మీట నొక్కాడు.

"నా తమ్ముడు," అన్నాడు.  మీట వదల్లేదు. "నా సొంత తమ్ముడు. ఓడల్లో లేడు. ఆరేళ్లుగా జబ్బుగా ఉన్నాడు, మా ఇంట్లోనే ఉన్నాడు. వాడి చేతిలో ఉన్నది మా నాన్న కర్ర. ఎవరికీ ఏ హానీ చెయ్యడు. బండిని పంపండి. తొందరగా పంపండి, నీకు పుణ్యముంటుంది."

అధికారి సెట్టులో అలా మాట్లాడటం ఎవరూ వినలేదు.  తర్వాత ఆ పిల్ల చాలా మెత్తగా, "పంపుతున్నాను సార్," అంది.

కానిస్టేబుళ్లు తలలు దించుకున్నారు. దొంగవెధవ అన్నవాడు లాఠీ వెనక దాచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు అక్కడే కూలబడి బూట్ల తాళ్లు లాక్కుంటున్నాడు. కోడలికి దుఃఖం, సంతోషం ఒక్కసారే ముంచుకొచ్చాయి. కిటికీలోంచి చూస్తే మాటల మేష్టారు నడుస్తూ వస్తున్నాడు. పరుగెత్తడం లేదు. పరుగెత్తకూడదని ఆమెకే తెలుసు. అయినా పరుగెత్తితే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

అప్పుడు తలుపు అవతల నుంచి గొంతు వచ్చింది. సెట్టు మాటలు వాడూ విన్నాడు. వినకుండా ఉంటాడా, ఆ చెవితో?

"అన్నయ్యా."

"చెప్పరా." ఇన్‌స్పెక్టరు పక్కకు జరిగిన తండ్రిని దాటుకుని, ఒక కాలికి బూటుతో, ఒక కాలు ఒట్టిగా మెట్లెక్కి వచ్చాడు. "చెప్పరా చిన్నోడా. నేనే."

"అందరికీ చెప్పేశావా?"

"చెప్పేశాను."

"చెప్పొచ్చా?"

"చెప్పొచ్చురా."

 తర్వాత వాడు అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు అడిగాడు.

"చెప్పొచ్చైతే మరి ఆరేళ్లు నన్ను గదిలో ఎందుకు పెట్టారు?"

మెట్ల మీద నలుగురున్నారు. ఒక పోలీసు, ఒక మాజీ పోలీసు, ఒక నర్సు, ఒక తల్లి.  కింద గుమ్మంలో మాటల మేష్టారి చెప్పుల చప్పుడు ఆగింది.

"అమ్మా, నువ్వున్నావుగా అక్కడ. నువ్వు చెప్పు."

అత్తగారు పెదాలు కదిపింది. 

అవతల వాడు లేచాడు. అడుగులు తలుపును వదిలి పిట్టగోడ వైపు నడిచాయి. ఈసారి కర్ర చప్పుడు లేదు. ఒట్టి అడుగులే.

"సిగ్గేసిందిరా!" అత్తగారు రెండు చేతులతోనూ తలుపును బాదింది. "నాకు సిగ్గేసి దాచానురా నాయనా! నీ తప్పేం లేదు, నాకు సిగ్గేసింది!"

అడుగులు ఆగాయి. పిట్టగోడకు ఇవతల ఆగాయో, గోడెక్కాక ఆగాయో ఎవరికీ తెలియలేదు.